జీసాక్ దరఖాస్తు: డిసెంబర్‌లో మొదలుపెట్టి మార్చిలో పంపడం ఎలా

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు, అంటే జీసాక్‌కు, నేను మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు ప్రపోజల్‌ను మూడు రాత్రుల్లో రాశాను. పద్నాలుగు పేజీలు. రంగుల బొమ్మలు, బాణాలు, గాంట్ చార్టు. నైట్ అవుట్ కొట్టి సెమిస్టర్ గట్టెక్కే అలవాటు మనది కదా, ఇదీ అంతే అనుకున్నా. మే నెలలో రెండు వాక్యాల మెయిల్ వచ్చింది, కాలేదని. ఉండబట్టలేక ఆ ప్రాజెక్టు మెంటర్‌నే చాట్‌లో అడిగాను, ఎక్కడ తప్పిందని. ఆయన నొప్పించకుండానే చెప్పాడు: "ప్రపోజల్ వచ్చేదాకా మీ పేరు మేమెవరమూ వినలేదు." మరుసటి ఏడు నా ప్రపోజల్ ఆరు పేజీలే. కానీ దాన్ని పంపే నాటికి ఆ ప్రాజెక్టులో నా పేరుతో ఏడు ప్యాచ్‌లు (కోడ్‌లో చేసే చిన్న మార్పులు) మెర్జ్ అయి, అంటే అసలు కోడ్‌లో కలిసిపోయి ఉన్నాయి.

అందుకే ఈ గైడ్‌లో ప్రపోజల్ సంగతి చాలా కిందికి వస్తుంది. దానికి ముందు మూడు నెలల పని ఉంది. అసలు దరఖాస్తు ఆ మూడు నెలలే.

ముందు అర్హత, డబ్బు, పోటీ

జీసాక్ 2005లో మొదలైంది. డెబియన్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, లిబ్రెఆఫీస్, వీఎల్‌సీ ప్లేయర్ తయారుచేసే వీడియోలాన్ లాంటి ఓపెన్ సోర్స్ సంస్థలు (తమ కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకునేలా బయట పెట్టేవి) తమకు కావాల్సిన పనుల జాబితా పెడతాయి. మీరు అందులో ఒకదానికి ప్రపోజల్ పంపుతారు. ఎంపికైతే ఆ సంస్థ మెంటర్ దగ్గర వేసవంతా ఆ కోడ్ రాస్తారు. డబ్బు గూగుల్ ఇస్తుంది, మనుషులను ఎంచుకునేది మాత్రం సంస్థే. మీ ప్రపోజల్‌కు గూగుల్‌లో ఎవరూ మార్కులు వేయరు. "మావాడికి గూగుల్‌లో వచ్చింది" అని అమ్మ ఫోన్‌లో చుట్టాలకు చెబుతుంటే చెప్పనివ్వండి, రెజ్యూమెలో మాత్రం మీరు అలా రాయకండి.

రిజిస్టర్ చేసుకునే నాటికి 18 ఏళ్లు నిండాలి. 2022కు ముందు కాలేజీ విద్యార్థులకే అవకాశం ఉండేది. ఆ ఏడాది నుంచి ఓపెన్ సోర్స్‌కు కొత్తగా వచ్చేవాళ్లెవరైనా పెట్టవచ్చు. కాబట్టి డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవారూ, వేరే రంగం నుంచి కోడింగ్‌లోకి వస్తున్నవారూ అర్హులే. గతంలో రెండుసార్లు ఎంపికైనవారికి మూడో అవకాశం లేదు. దరఖాస్తుకు ఫీజు లేదు. "జీసాక్ గ్యారంటీ కోర్సు" అంటూ ఎవరైనా డబ్బు అడిగితే ఆ డబ్బుతో ల్యాప్‌టాప్‌కు ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకోండి, అది నిజంగా పనికొస్తుంది.

ప్రాజెక్టులు మూడు సైజులు: సుమారు 90 గంటలు, 175 గంటలు, 350 గంటలు. స్టైపెండ్ మీరుండే దేశాన్ని బట్టి మారుతుంది. భారత్‌లో ఉండేవారికి 2025లో ఈ మూడింటికి వరుసగా 750, 1,500, 3,000 డాలర్లు. రెండు విడతల్లో వస్తుంది, మధ్యంతర మూల్యాంకనం పాసయ్యాక ఒకటి, చివరిది పాసయ్యాక ఇంకొకటి.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవారికి ఒక హెచ్చరిక. ఎఫ్-1 వీసా మీద అక్కడే ఉండి జీసాక్ చేయాలంటే సీపీటీ (చదువులో భాగంగా పని చేసేందుకు ఇచ్చేది) లాంటి పని అనుమతి విషయం ముందే మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో తేల్చుకోవాలి. ఎంపికయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి టైమ్ ఉండదు.

ఇక పోటీ. 2025లో 15 వేల మందికి పైగా ప్రపోజల్స్ పంపితే 1,280 మంది ఎంపికయ్యారు. ఈ లెక్క చూసి జావగారిపోవక్కర్లేదు. ఆ పదిహేను వేలలో నా మొదటి ఏడాది ప్రపోజల్ లాంటివి ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. సంస్థతో ఒక్కసారి కూడా మాట్లాడకుండా, దాని కోడ్‌ను ఒక్కసారి కూడా రన్ చేయకుండా పంపినవన్నీ మొదటి వడపోతలోనే పోతాయి.

డిసెంబర్: సంస్థను వెతుక్కోండి

ఆ ఏడాది ఎంపికైన సంస్థల జాబితా ఫిబ్రవరి రెండో సగంలో గానీ రాదు. దాని కోసం ఆగినవాళ్లకు దరఖాస్తులు తెరుచుకునేలోపు చేతిలో నెల కూడా మిగలదు. ఆగకండి. జీసాక్ సైట్‌లో పాత సంవత్సరాల ఆర్కైవ్ ఉంటుంది. మూడు నాలుగేళ్లు వరసగా పాల్గొన్న సంస్థ ఈసారీ వచ్చే అవకాశం బాగానే ఉంటుంది. ఖాయం మాత్రం కాదు, అందుకే ఒకటి ప్రధానంగా, ఇంకొకటి పక్కన పెట్టుకోండి.

ఎంపికలో చాలామంది చేసే పొరపాటు పేరు చూసి వెళ్లడం. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, సీ భాషలో పాయింటర్లు ఇంకా తికమక పెడుతుండగానే కంపైలర్ ప్రాజెక్టుల మీద పడతారు. మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవి. ఆ భాషలో నేను ఎవరి సాయమూ లేకుండా ఐదు వందల లైన్ల ప్రోగ్రాం రాశానా? ఆ సాఫ్ట్‌వేర్‌ను నేను వాడతానా, కనీసం ఎవరు ఎందుకు వాడతారో తెలుసా? గత నెలలో ఆ రిపోలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) కొత్తవాళ్ల పీఆర్‌లకు (పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పు కలుపుకోండని పంపే అభ్యర్థన) ఎవరైనా జవాబిచ్చారా? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రిపో తెరిచి, మూసేసిన పీఆర్‌ల జాబితాలో బయటివాళ్లవి ఓ పది చదవండి. వారం లోపు రివ్యూ వచ్చిందా, రివ్యూలో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారా అన్నది అరగంటలో తెలిసిపోతుంది. పీఆర్‌లు ఆరు నెలలుగా దుమ్ము పట్టి ఉన్న చోట మీదీ అక్కడే చేరుతుంది.

మీ ల్యాప్‌టాప్‌ను కూడా అడగండి. లిబ్రెఆఫీస్ లాంటి భారీ ప్రాజెక్టును సోర్స్ నుంచి బిల్డ్ చేయడం (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చడం) అంటే మామూలు ల్యాప్‌టాప్ మీద గంటల తరబడి పని, డిస్కులో బోలెడంత జాగా. హాస్టల్‌లో కరెంటు పోతే మళ్లీ మొదటికి. అదే సింపై చూడండి. బీజగణితం, కలనగణితం చేసిపెట్టే పైథాన్ లైబ్రరీ. పూర్తిగా పైథాన్‌లోనే ఉంటుంది కాబట్టి పాత మెషీన్ మీద కూడా కాసేపట్లో నడిచిపోతుంది. ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఇంటిగ్రల్స్ అంటే భయపడనివాళ్లకు మంచి చోటు. దరఖాస్తుదారు కనీసం ఒక ప్యాచ్ అయినా పంపి ఉండాలని వాళ్ల నియమం కూడా.

మనకు తెలుగు వచ్చు. దీన్ని చాలామంది అర్హతగా లెక్కే వేసుకోరు. సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు, గుణింతాలు విరిగిపోయే చోటు మనకు కనిపించినట్టు బెర్లిన్‌లో కూర్చున్న డెవలపర్‌కు కనిపించదు. వికీమీడియా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, వ్యాకరణ నియమాల ఆధారంగా అనువాద యంత్రాలు తయారుచేసే అపెర్టియం, ఇవన్నీ భాష తెలిసిన మనిషి నిజంగా అవసరమైన ప్రాజెక్టులు. తెలుగులో వెతికితే ఫలితాలు సరిగా రావడం లేదు, ఈ పెట్టెలో 'క్ష్మి' దగ్గర కర్సర్ తప్పు చోట ఆగుతోంది లాంటి బగ్ రిపోర్టు, స్క్రీన్‌షాట్‌తో సహా ఇస్తే, మీరు ఆ ప్రాజెక్టులో వేసిన మొదటి అడుగు అదే అవుతుంది. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్లుగా పనిచేస్తున్న 'స్వేచ్ఛ' సంస్థ వాళ్లను కలవండి. నలుగురితో కూర్చుని మొదటి బిల్డ్ చేసుకోవడం వేరు, గదిలో ఒంటరిగా ఎర్రర్లతో కుస్తీ పట్టడం వేరు.

సీనియర్ల మాట కూడా చెప్పాలి. జీసాక్ తొలి పదేళ్లలో అందరికన్నా ఎక్కువ మంది విద్యార్థులను పంపింది శ్రీలంకలోని మొరటువా విశ్వవిద్యాలయం. ఒక బ్యాచ్ నేర్చుకున్నది తర్వాతి బ్యాచ్‌కు అందితే పని ఎంత తేలికవుతుందో ఊహించుకోవచ్చు. మీ కాలేజీలో ఎవరైనా ఇంతకుముందు చేసి ఉంటే వెతికి పట్టుకోండి. ఎవరూ లేకపోతే మొదటివారు మీరే, మీ జూనియర్లకు ఆ ఇబ్బంది ఉండదు.

జనవరి: మొదటి ప్యాచ్

ఇక్కడ తొందరపడకండి. ఎక్కువ కాలం గడపాల్సిన మెట్టు ఇదే.

మొదట రిపోలో ఉండే కాంట్రిబ్యూటింగ్ ఫైల్‌ను (మార్పులు ఎలా పంపాలో చెప్పేది) ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదవండి. ప్రతి సంస్థకూ ఒక ఇంటి పద్ధతి ఉంటుంది. గిట్‌హబ్ పీఆర్ ఒక్కటే లోకం కాదు. వికీమీడియాలో, లిబ్రెఆఫీస్‌లో కోడ్ రివ్యూ గెరిట్ అనే వేరే టూల్ మీద జరుగుతుంది. కేడీఈ, గ్నోమ్ సొంత గిట్‌ల్యాబ్ నడుపుకుంటాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాళ్లకు ప్యాచ్‌ను ఈమెయిల్‌కు జోడించి పంపాలి. ఆ పద్ధతి తెలుసుకోకుండా వెళ్తే చెప్పులతో వంటింట్లోకి వెళ్లినట్టే.

తర్వాత కోడ్‌ను మీ మెషీన్ మీద బిల్డ్ చేసి, టెస్టులన్నీ ఒకసారి నడపండి. విండోస్ మీద ఉంటే అందులోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకోండి, సగం తలనొప్పులు తగ్గుతాయి. బిల్డ్ మొదటి దెబ్బకు అవదు. అవకపోవడం మీ అదృష్టం అనుకోండి, ఎందుకంటే సెటప్ సూచనల్లో ఎక్కడ తప్పుందో, ఏది పాతబడిందో కొత్తగా వచ్చినవాడికే కనిపిస్తుంది. మీరు ఎక్కడ ఇరుక్కున్నారో, ఎలా బయటపడ్డారో రాసుకుని ఆ సూచనలను సరిదిద్దుతూ ఒక పీఆర్ పంపండి. నా మొదటి ప్యాచ్ అదే: ఇన్‌స్టాల్ పేజీలో రెండు లైన్లు.

దీన్నీ, రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్) కామా మార్చి పీఆర్ పెట్టడాన్నీ కలపకండి. 2020లో, పీఆర్‌లు పంపినవారికి టీషర్టు ఇచ్చే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, ఆ టీషర్టు కోసం ప్రపంచవ్యాప్తంగా రిపోల మీద పనికిరాని పీఆర్‌ల వాన కురిసింది. ప్రాజెక్టు తానుగా ఒప్పుకుంటేనే లెక్కలోకి వచ్చేలా ఆ కార్యక్రమం రూలే మార్చుకోవాల్సి వచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ రిపోలో, ఒక వీడియో పాఠం చూసినవాళ్లు రీడ్‌మీలో తమ పేరు రాసుకుంటూ కుప్పలుగా పీఆర్‌లు పెట్టారు. వాటిలో చాలావరకు మన దేశపు విద్యార్థులవే. దాని ఫలితం మనందరం మోస్తున్నాం. మన పేరు చూడగానే కొందరు మెయింటెయినర్లు (ప్రాజెక్టు బాధ్యత చూసేవాళ్లు) ఒక క్షణం అనుమానంగా చూస్తారు. ఆ క్షణాన్ని మీ పనితోనే దాటాలి.

రెండో ప్యాచ్ కోడ్‌లో ఉండాలి. బగ్‌లు, పనుల జాబితాలో కొత్తవాళ్లకని 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుల్ వేసినవి చూడండి. లిబ్రెఆఫీస్‌లో వీటినే 'ఈజీ హ్యాక్స్' అంటారు. జనవరికి ఇలాంటివి వరదలా వచ్చే దరఖాస్తుదారులు లాగేసుకుంటారు. ఇష్యూ కింద "ప్లీజ్ అసైన్ మీ" అని పదిమంది క్యూ కట్టి ఉంటారు, ఒక్కరూ కోడ్ ముట్టి ఉండరు. మీరు ఆ క్యూలో నిలబడొద్దు. బగ్‌ను మీ మెషీన్ మీద మళ్లీ తెప్పించి చూడండి. ఏ ఫంక్షన్‌లో మొదలవుతోందో కనుక్కోండి. అది కింద రాసి, "ఇలా సరిచేద్దామనుకుంటున్నాను, సరైన దారేనా?" అని అడగండి. అసైన్ చేయమని అడగక్కర్లేకుండానే ఆ పని మీదవుతుంది. లేబుల్ ఉన్నవి దొరక్కపోతే, ఎవరూ పట్టించుకోని పాత బగ్‌లు తీసి ఇప్పటి వెర్షన్‌లో ఇంకా వస్తున్నాయో లేదో పరీక్షించి చెప్పండి. ఈ పని చేసేవాళ్లు తక్కువ, చేసేవాళ్ల పేరు మెయింటెయినర్లకు ఇట్టే గుర్తుండిపోతుంది.

రివ్యూలో ఇరవై వ్యాఖ్యలు వస్తాయి. వేరియబుల్ పేరు బాగాలేదు, టెస్టు లేదు, కమిట్ సందేశం ఈ తీరులో రాయాలి. మన కాలేజీల్లో ఎర్ర సిరా అంటే మార్కులు పోవడం కాబట్టి మొదటిసారి మనసు చివుక్కుమంటుంది. ఇక్కడ లెక్క వేరు. పనికిరాని ప్యాచ్‌కు ఎవరూ ఇరవై వ్యాఖ్యలు రాయరు, మూసేసి ఊరుకుంటారు. ప్రతి వ్యాఖ్యకూ జవాబివ్వండి, ఒప్పుకోకపోతే కారణం చెప్పండి, రెండు రోజుల్లో మార్చి మళ్లీ పంపండి. మెంటర్ అప్పుడే మిమ్మల్ని మనసులో తూకం వేస్తుంటాడు: ఈ మనిషితో పన్నెండు వారాలు పని చేయగలనా?

చాట్‌జీపీటీ సంగతి. కోడ్ అర్థం చేసుకోవడానికి వాడుకుంటే వాడుకోండి, కానీ ముందు ఆ సంస్థ నియమం చూడండి. లైనక్స్ రకాల్లో ఒకటైన జెంటూ 2024లో ఏఐ సాయంతో రాసిన కోడ్‌ను పూర్తిగా నిషేధించింది. కొన్ని సంస్థలు వాడినట్టు చెప్పమంటాయి. నియమం ఎలా ఉన్నా ఒక గీత గీసుకోండి: ప్యాచ్‌లో ఏ లైన్ చూపించి "ఇదెందుకు?" అని అడిగినా నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. చెప్పలేని లైన్ పంపొద్దు.

అడగడం ఎలా

అడగందే అమ్మైనా పెట్టదు. కానీ ఎలా అడుగుతున్నామన్నది ఉంది. ప్రతి ఏడూ జనవరిలో ఓపెన్ సోర్స్ చాట్ రూముల్లోకి వందలకొద్దీ వచ్చే సందేశం ఇది: "హలో సర్, ఐ యామ్ థర్డ్ ఇయర్ స్టూడెంట్, ఐ వాంట్ టు కాంట్రిబ్యూట్, ప్లీజ్ గైడ్ మీ." దీనికి జవాబు ఏమివ్వాలి? ఎవరికీ తెలియదు, అందుకే ఎవరూ ఇవ్వరు.

సర్, మేడమ్ వదిలేయండి. అక్కడ అందరూ పేరుతోనే పిలుచుకుంటారు, యాభై ఏళ్ల ప్రొఫెసర్ అయినా సరే. మనకు నోరు రాదు, తెలుసు. రెండు వారాల్లో అలవాటవుతుంది. మెంటర్‌కు విడిగా మెసేజ్ పెట్టకండి, అందరూ చూసే ఛానెల్‌లోనే అడగండి. ఆయన నిద్రపోతున్నా ఇంకొకరు చెబుతారు, రేపు మీలాంటివాడు వెతికితే ఆ జవాబు దొరుకుతుంది.

ప్రశ్నలో నాలుగు సంగతులుండాలి: ఏం చేయబోతున్నారు, ఏ కమాండ్ ఇచ్చారు, అచ్చంగా ఏ ఎర్రర్ వచ్చింది, అప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు. ఎర్రర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టకండి, టెక్స్ట్‌గా అతికించండి. మాదిరికి, ఇంగ్లిష్‌లో మీరు రాయాల్సినదాని సారాంశం ఇలా ఉండొచ్చు: "ఉబుంటు 24.04 మీద డాక్యుమెంటేషన్‌లో చెప్పినట్టే ఇన్‌స్టాల్ చేశాను. టెస్టులు నడిపితే తేదీలకు సంబంధించిన రెండు ఫెయిల్ అవుతున్నాయి, ఎర్రర్ కింద ఉంది. నా టైమ్‌జోన్ వల్ల కావచ్చని యూటీసీకి మార్చి చూస్తే పాసవుతున్నాయి. ఇది తెలిసిన బగ్గేనా, లేక ఇష్యూ తెరవనా?" ఇంత రాస్తే జవాబు రాకపోవడం అరుదు. అడిగాక ఒక రోజైనా ఆగండి. మెంటర్లలో ఎక్కువ మంది పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి ఇది చూసేవాళ్లు.

ఇంగ్లిష్ గురించి భయపడేవాళ్లకు: అవతలి మెంటర్ బ్రెజిల్ మనిషో, పోలండ్ మనిషో అయి ఉండొచ్చు, ఆయనదీ నేర్చుకున్న ఇంగ్లిషే. చిన్న వాక్యాలు చాలు. ఆర్టికల్స్ తప్పాయని ఎవరూ ప్రపోజల్ తిప్పి పంపరు.

ఫిబ్రవరి చివర: ఐడియా ఎంచుకోవడం

సంస్థల జాబితా వచ్చాక మీది ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఆ సంస్థ ఐడియాల పేజీ తెరవండి. ఒక్కో ఐడియా పక్కన ఎన్ని గంటలదో, మెంటర్ ఎవరో, ఏం తెలిసి ఉండాలో రాసి ఉంటుంది. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, నమ్‌ఫోకస్ లాంటివి గొడుగు సంస్థలు, వాటి కింద విడివిడి ప్రాజెక్టులుంటాయి. ప్రపోజల్ ఏ ప్రాజెక్టుకో స్పష్టంగా రాయకపోతే అది దారి తప్పుతుంది.

ఒక మనిషి మూడు ప్రపోజల్స్ దాకా పంపవచ్చు. పంపగలిగినంత మాత్రాన మూడూ పంపాలని లేదు. ఒకటి గట్టిగా, కుదిరితే అదే సంస్థలో ఇంకో ఐడియాకు రెండోది. మూడు వేర్వేరు సంస్థలకు మూడు అంటే మూడు పడవల మీద కాళ్లు పెట్టినట్టు, అందులోనూ మనకున్నవి రెండే కాళ్లు.

అందరూ ఎగబడే ఐడియాను వదిలి పక్కదాన్ని చూడండి. సంస్థకు గూగుల్ ఇచ్చేది ఇన్ని స్లాట్‌లని, అంటే ఇంతమందినే తీసుకోవాలని లెక్క. ఒకే ఐడియాకు నలభై మంది మంచివాళ్లు వచ్చినా సాధారణంగా ఒక్కరినే తీసుకుంటారు. ఛానెల్‌లో ఒక వారం గమనిస్తే ఏ ఐడియా చుట్టూ గుంపు ఉందో తెలిసిపోతుంది. జాబితాలో లేని సొంత ఐడియా కూడా పెట్టవచ్చు, కానీ దాన్ని నడిపించడానికి ఒక మెంటర్ ముందే ఒప్పుకోవాలి. ఎవరూ తల ఊపని ఐడియా ఎంత గొప్పదైనా గాలిలో దీపమే.

మార్చి: ప్రపోజల్

దరఖాస్తు కిటికీ మార్చి రెండో సగంలో తెరుచుకుంటుంది, సుమారు రెండు వారాలు ఉంటుంది. 2025లో మార్చి 24 నుంచి ఏప్రిల్ 8 దాకా ఉంది. మీ చిత్తుప్రతి కిటికీ తెరుచుకునే రోజుకే సిద్ధంగా ఉండాలి.

సంస్థ సొంత నమూనా ఇస్తే దాన్నే వాడండి, ఒక్క ప్రశ్న కూడా వదలకండి. లేకపోతే ఈ వరస పనికొస్తుంది: సమస్య ఏమిటి, ఇప్పుడు కోడ్ ఎలా ఉంది, మీరు ఏం మారుస్తారు, ఏ వారం ఏం అవుతుంది, మీరు ఇప్పటిదాకా ఈ ప్రాజెక్టులో చేసిందేమిటి, వేసవిలో మీకున్న ఇతర పనులేమిటి. "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఇష్టం" అనే పేరా కొట్టేయండి. మెరిట్ జాబితాలు, ఇంటర్ మార్కులు కూడా. మెంటర్‌కు ఎంసెట్ అంటే ఏమిటో తెలియదు.

బలమంతా రెండు చోట్ల ఉంటుంది. మొదటిది 'ఇప్పుడు కోడ్ ఎలా ఉంది'. ఇక్కడ ఫైళ్ల పేర్లు, ఫంక్షన్ల పేర్లు కనబడాలి. ఐడియాల పేజీలో ఉన్నదాన్నే మీ మాటల్లో తిప్పి రాస్తే అది నేల విడిచి సాము, చదివేవాడికి రెండో పేరాలోనే తెలిసిపోతుంది. కోడ్ తెరిచి చదివినవాడు మాత్రమే రాయగల వాక్యం పేజీకి ఒకటైనా ఉండాలి.

రెండోది వారాల పట్టిక. దీనికో ఉదాహరణ పట్టుకుందాం. ఒక క్యాలెండర్ యాప్‌లో బయటి ఐసీఎస్ ఫైళ్లను (క్యాలెండర్ ఈవెంట్లు ఉండే ఫైళ్లు) దిగుమతి చేసే సౌకర్యం లేదు, అది కట్టాలి. మామూలుగా వచ్చే పట్టిక ఇలా ఉంటుంది: 1 నుంచి 3 వారాలు కోడ్ అర్థం చేసుకోవడం, 4 నుంచి 9 వారాలు అమలు, 10 నుంచి 12 వారాలు టెస్టింగ్, డాక్యుమెంటేషన్. ఇందులో క్యాలెండర్ అన్న మాట తీసి బ్యాంకు అని పెట్టినా తేడా రాదు. అంటే ఆలోచించలేదని అర్థం.

ఆలోచించినవాడి పట్టిక వేరు. మొదటి వారం: పునరావృతం కాని ఒంటరి ఈవెంట్లు మాత్రమే చదివే పార్సర్ (ఫైల్‌ను చదివి విడదీసే కోడ్), దాని టెస్టులతో సహా పీఆర్. రెండో వారం: టైమ్‌జోన్లు. ఫైల్లో జోన్ రాయకపోతే ఏం చేయాలో మెంటర్‌తో తేల్చుకోవాలి. మూడు, నాలుగు, ఐదు వారాలు: పునరావృత నియమాలు. పని మొత్తంలో చిక్కుముడి ఇదే. "ప్రతి నెలా చివరి శుక్రవారం, కానీ ఆగస్టులో వద్దు" లాంటివి ఇక్కడ వస్తాయి, అందుకే మూడు వారాలు. ఆరో వారం: అప్పటిదాకా అయినది వాడేవారి చేతికి వెళ్లేలా ఒక మామూలు దిగుమతి బటన్. మధ్యంతర మూల్యాంకనానికి చూపించేది ఇది. ఏడు, ఎనిమిది: పాడైన ఫైళ్లు, ఒకే ఈవెంట్ రెండుసార్లు రావడం. తొమ్మిది: పెద్ద ఫైళ్ల మీద వేగం. పది: డాక్యుమెంటేషన్. చివరి రెండు వారాలు ఖాళీ, ఏదో ఒకటి వెనకబడుతుంది కాబట్టి. ఆ పైన ఒక పేరా: ఎగుమతి సౌకర్యం ఈ ప్రాజెక్టులో లేదు, టైమ్ మిగిలితేనే. ఏం చేయనో రాసిన ప్రపోజల్‌ను మెంటర్లు నమ్ముతారు.

టెస్టులను చివరికి నెట్టకుండా ప్రతి వారంలోనూ కలిపి రాశానని గమనించారా? రివ్యూకు పట్టే రోజులు కూడా లెక్క వేసుకోండి. మీరు సోమవారం పంపితే శుక్రవారం జవాబు రావచ్చు. ఆ నాలుగు రోజులు చేతులు కట్టుకు కూర్చోకుండా ఏం చేస్తారన్నది కూడా పట్టికలో ఉంటే మీరు నిజంగా పని చేసినవారని తెలుస్తుంది.

ఇతర పనుల దగ్గర నిజం రాయండి. సెమిస్టర్ పరీక్షలు కోడింగ్ మొదలయ్యే రోజుల్లోనే పడతాయా? తేదీలు రాయండి, ఆ రెండు వారాలు గంటలు తగ్గుతాయని, ఆ గంటలు ఎప్పుడు పూడుస్తారో రాయండి. వేసవిలో ఇంకో ఇంటర్న్‌షిప్ ఉంటే చెప్పండి. జులై చివర ప్లేస్‌మెంట్స్ మొదలైతే అదీ. అక్క పెళ్లి ఉంటే అది కూడా, మన పెళ్లి అంటే ఒక పూట కాదని మెంటర్‌కు తెలియదు. దాచి, మధ్యలో మాయమైతేనే మాట పోతుంది. మామూలుగా పన్నెండు వారాల పని, మెంటర్ ఒప్పుకుంటే 22 వారాల దాకా సాగదీసుకునే వీలు కూడా ఉంది.

చిత్తుప్రతిని గూగుల్ డాక్‌లో పెట్టి, వ్యాఖ్యలకు వీలిచ్చి, గడువుకు కనీసం పది రోజుల ముందు ఛానెల్‌లో లేదా సంస్థ చెప్పిన చోట పంచుకోండి. ఆఖరి మూడు రోజుల్లో మెంటర్ల ముందు యాభై చిత్తుప్రతులు ఉంటాయి, ఎవరిదీ చదవలేరు. వాళ్లు "ఇది మూడు నెలల్లో అవదు, సగం చెయ్యి" అంటే సంతోషించండి, సగం చేయండి.

పంపడం, ఎదురుచూడటం

జీసాక్ సైట్‌లో రిజిస్టర్ అయి, ప్రపోజల్‌ను పీడీఎఫ్‌గా ఎక్కించాలి. గడువు ముగిసేది 18:00 యూటీసీకి, మనకు రాత్రి 11:30. వారం ముందే ఒక పీడీఎఫ్ ఎక్కించేయండి. గడువు దాకా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చివరి గంటలో సైట్ నెమ్మదించిందనో, ఊళ్లో నెట్ పోయిందనో చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు, పొడిగింపు ఇవ్వరు. ఎక్కించిన ఫైల్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడండి. వేరే సంస్థ ప్రపోజల్ ఎక్కించినవాళ్లను నేనెరుగుదును.

ఫలితం ఏప్రిల్ చివర గానీ, మే మొదటి పది రోజుల్లో గానీ వస్తుంది. మధ్యలో ఉన్న ఆ నెల రోజులు చాలామంది రిపో వైపు చూడరు. మీరు మాత్రం ఆపకండి. సంస్థలు ర్యాంకులు వేసుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే. రెండు ప్రపోజల్స్ సమానంగా తూగినప్పుడు ఏప్రిల్‌లో కూడా ప్యాచ్ పంపుతున్నవాడి వైపే మెంటర్ మొగ్గుతాడు. "నాకు వస్తుందా?" అని మాత్రం అడగకండి. ప్రకటనకు ముందు చెప్పే వీలు వాళ్లకు లేదు.

ఎంపిక కాకపోతే ఎందుకు కాలేదో మర్యాదగా అడగండి, ఒక్కసారే. స్లాట్ చాలక పోయినవాళ్లు ఏటా ఉంటారు. మీరు ఆ కోవలోనే ఉంటే అదే సంస్థలో వచ్చే ఏడాదికి మీరు ఒక అడుగు ముందున్నట్టు. ఈలోగా వేరే తలుపులున్నాయి. లైనక్స్ ఫౌండేషన్ వారి ఎల్‌ఎఫ్‌ఎక్స్ మెంటర్‌షిప్ ఏడాదికి మూడు విడతలు నడుస్తుంది, క్లౌడ్ వైపు ఆసక్తి ఉంటే ముఖ్యంగా చూడండి. టెక్ రంగంలో తక్కువ ప్రాతినిధ్యం, వివక్ష ఎదుర్కొంటున్నవారి కోసం అవుట్‌రీచీ ఉంది. 2010లో గ్నోమ్ మహిళల కోసం మొదలుపెట్టినది ఇలా విస్తరించింది. ఏడాదికి రెండు విడతలు, మూడు నెలల పని, 7,000 డాలర్లు, దేశాన్ని బట్టి తేడా లేదు. అక్కడ మొదటి వడపోత మీ నేపథ్యం గురించి రాసే వ్యాసాలతో జరుగుతుంది కాబట్టి జీసాక్ ప్రపోజల్‌కు పనికిరాదన్న సొంత కథ అక్కడ కావాల్సి వస్తుంది. కేడీఈ వాళ్ల సీజన్ ఆఫ్ కేడీఈలో స్టైపెండ్ లేదు, కానీ మెంటర్ ఉంటాడు.

ఎంపికైతే మొదటి మూడు వారాలు కమ్యూనిటీ బాండింగ్, కోడింగ్ ఇంకా మొదలవ్వదు. ఆ వారాల్లోనే, స్టైపెండ్ వచ్చే పేయోనీర్ అనే చెల్లింపుల సర్వీసులో ఖాతా తెరిచే పని ముగించండి. పాన్ కార్డులో, బ్యాంకులో, జీసాక్‌లో పేరు ఒకేలా ఉందో చూసుకోండి. మనకు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరంగా ఉంటుంది, డబ్బు ఆగేది అక్కడే. మెంటర్‌తో వారానికి ఒక కాల్ ఖాయం చేసుకోండి. ఆయన యూరప్‌లో ఉంటే మనకు సాయంత్రం కలుస్తుంది, అమెరికా పడమటి తీరంలో ఉంటే పొద్దున్న ఎనిమిదికి.